అన్నం తప్పా, పప్పు తగ్గడమా? ప్రొటీన్ గొడవ వెనక తార్నాక కథ

మళ్ళీ మొదలైంది, అన్నం తగ్గించాలా, ప్రొటీన్ పెంచాలా అనే గొడవ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) షుగర్ జబ్బు మీద చేయించిన ఇండియాబ్ సర్వే 2025 సెప్టెంబర్ ఆఖర్లో బయటికొచ్చిన దగ్గర్నుంచి ఏ ఫ్యామిలీ గ్రూప్ తెరిచినా ఇదే చర్చ. దేశం మొత్తం మీద 1.2 లక్షల మంది పెద్దవాళ్ళని సర్వే చేసి, వాళ్ళలో సుమారు 18 వేల మంది తిండి లెక్క తీస్తే మనకొచ్చే క్యాలరీల్లో 62 శాతం కార్బోహైడ్రేట్లవే, ప్రొటీన్ వాటా 12 శాతమే అని తేలింది. ఇంక అంతే, ఒకళ్ళు అన్నం విషం అంటారు, ఇంకొకళ్ళు ప్రొటీన్ పౌడర్ డబ్బా లింక్ పెడతారు, షుగర్ ఉన్న మా పెద్దమ్మ లాంటివాళ్ళు ఇన్నేళ్ళూ తిన్నదంతా తప్పేనా అని బెంగ పెట్టుకుంటారు.

ప్రొటీన్ కండకి, కార్బోహైడ్రేట్ శక్తికి అనేది స్కూల్ పుస్తకంలో చదివిందే కాబట్టి ఆ ముచ్చట వదిలేస్తున్నా. కథ అసలు మలుపు తిరిగింది హైదరాబాద్ తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థలో, 1960ల చివరా 70ల మొదట్లో. దాని గురించి ఈ గొడవలో ఎవరూ మాట్లాడట్లేదు.

అప్పుడు కూడా ప్రపంచమంతా ఇప్పట్లాగే ప్రొటీన్ ప్రొటీన్ అని కలవరించింది. పేద దేశాల పిల్లలు ప్రొటీన్ లేకే చిక్కిపోతున్నారని, ముంచుకొస్తున్న ప్రొటీన్ సంక్షోభాన్ని ఆపాలని 1968లో ఐక్యరాజ్యసమితి ఏకంగా రిపోర్టే ఇచ్చింది. చేపల పిండి, పెట్రోలియం మీద సూక్ష్మజీవుల్ని పెంచి తీసే ప్రొటీన్, లైసిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) కలిపిన బ్రెడ్, ఇలా ఏవేవో ప్రయత్నాలు. సరిగ్గా ఆ టైంలో తార్నాక సంస్థకి డైరెక్టర్‌గా ఉన్న డాక్టర్ సి. గోపాలన్ గారు వేరే ప్రశ్న వేశారు. ఒళ్ళు ఉబ్బిపోయే క్వాషియార్కర్ ప్రొటీన్ లేక వస్తుంది, ఎముకల గూడైపోయే మరాస్మస్ క్యాలరీలు లేక వస్తుంది అనేది అప్పటి పాఠం. మరి ఈ రెండు రకాల పిల్లలూ ఇంట్లో తిన్న తిండిలో నిజంగా తేడా ఉందా? ఆయన బృందం చూస్తే తేడా కనపడలేదు. ఒకే ఊళ్ళో, ఒకే రకం తిండి తిని, ఒక బిడ్డ ఉబ్బింది, ఒక బిడ్డ ఎండింది. ఇద్దరికీ కడుపు నిండలేదు, అదీ అసలు సంగతి.

తర్వాత వాళ్ళు చేసిన పని నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో చిన్నపిల్లలకి గోధుమపిండి, పంచదార, నూనె కలిపి చేసిన తీపి బిళ్ళ లాంటిది రోజూ ఇచ్చారు. అందులో 310 క్యాలరీలు, ప్రొటీన్ మాత్రం 3 గ్రాములే. పద్నాలుగు నెలలు ఇచ్చాక చూస్తే అది తిన్న పిల్లలు మిగతావాళ్ళ కంటే పొడుగూ బరువూ బాగా పెరిగారు. ఆ ఫలితాలు 1973లో అచ్చయ్యాయి. ఆ మరుసటి ఏడే లాన్సెట్ అనే వైద్య పత్రికలో మెక్‌లారెన్ అనే డాక్టర్ ఈ ప్రొటీన్ హడావుడంతా పెద్ద పొరపాటని గట్టిగా రాశారు. ఖరీదైన ప్రొటీన్ డబ్బాలు పేద పిల్లలకి మందని చెప్పి అమ్మడం అక్కడితో చాలావరకు చల్లబడింది, అందులో మన హైదరాబాద్ పాత్ర చిన్నది కాదు.

గోపాలన్ గారు చెప్పిన మాట పూర్తిగా చూడాలి. మన ఇళ్ళల్లో తినే ధాన్యం-పప్పు తిండే కడుపునిండా దొరికితే ప్రొటీన్ దానంతటదే సరిపోతుందన్నారు. ధాన్యం ఒక్కటే అనలేదు, పప్పు కూడా ఉంది. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో తక్కువయ్యే ఇంకో అమైనో ఆమ్లం మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. పప్పన్నం కలిపితే రెండూ కుదురుతాయి. అదే సంస్థ చిక్కిపోయిన పిల్లల కోసం తయారు చేసిన హైదరాబాద్ మిక్స్ అనే పొడిలో కూడా గోధుమలతో పాటు శనగపప్పు, వేరుశనగ, బెల్లం ఉన్నాయి.

జనంలోకి, ఆఫీసుల్లోకి మాత్రం ఆ మాటలో సగమే వెళ్ళింది. క్యాలరీ అంటే బియ్యం అయిపోయింది. 1983లో ఎన్టీఆర్ గారు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు, అది ఆ పరిశోధన వల్ల వచ్చిందని నేను అనను, ఎన్నికల్లో ఇచ్చిన మాట అది, ఆ బియ్యం ఎన్ని లక్షల ఇళ్ళల్లో పొయ్యి వెలిగించిందో మన పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు, దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాళ్ళకి లేదు. కానీ బియ్యంతో పాటు పప్పు రాలేదు. కాలవ నీళ్ళు, మద్దతు ధర, కొనుగోలు అన్నీ వరికీ గోధుమకీ వెళ్ళాయి, కంది మాత్రం తాండూరు లాంటి చోట్ల వాన మీద ఆధారపడ్డ చేలల్లో ఉండిపోయింది. దేశంలో మనిషికి రోజుకి అందుబాటులో ఉన్న పప్పులు 1951లో సుమారు 60 గ్రాములు, 2010కి వచ్చేసరికి 35 గ్రాముల దగ్గరికి పడిపోయాయి. నా లెక్కలో ఇవాళ్టి గొడవకి జవాబు ఈ రెండు అంకెల మధ్యే ఉంది.

ఈ తగ్గుదల మా ఇంట్లో కళ్ళారా చూశాను. 2015లో కందిపప్పు కిలో 200 అయినప్పుడు మా అమ్మ ముద్దపప్పు మానేసి అదే గిన్నెడు పప్పులో ఇంకో చెంబు నీళ్ళు పోసి పప్పుచారు చేసేది, ఆనపకాయ ముక్కలు, మునక్కాడలు ఎక్కువ పడేవి, గరిటె అడుగుదాకా పెట్టి కలిపితే గానీ పప్పు తగిలేది కాదు. ఆ చారుతో అన్నం మాత్రం రెండోసారి కూడా పెట్టుకునేవాళ్ళం.

ప్రభుత్వాలు అసలు పట్టించుకోలేదని కాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం కింద 185 రూపాయలకి తొమ్మిది సరుకులు ఇచ్చారు, అందులో కందిపప్పు ఒక కిలో. అంగన్‌వాడీల్లో పిల్లలకి ఇచ్చే బాలామృతం ప్యాకెట్‌లో శనగపప్పు, పాలపొడి ఉన్నాయి. ఇంటి మొత్తానికి చూస్తే మాత్రం బియ్యమే ముందుంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం మనిషికి 6 కిలోలు, అంటే రోజుకి 200 గ్రాములు. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2000 క్యాలరీల తిండిలో ధాన్యం 250 గ్రాములుంటే చాలు. అంటే ధాన్యం లెక్క రేషన్ షాపులోనే దాదాపు తీరిపోయింది. అదే పళ్ళెంలో పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు ఉండాలి. నలుగురున్న ఇంటికి నెలకి 10 కిలోల పైమాట! అమ్మహస్తంలో లాగా కార్డుకి కిలో పప్పు ఇచ్చినా ఇది ఎక్కడ తీరుతుంది?

పౌడర్ వాళ్ళ వాదన ఏంటంటే తిండితో అంత ప్రొటీన్ రాదు కాబట్టి డబ్బా కొనాల్సిందే అని. మామూలు మనిషికి కావాల్సింది కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు, 65 కిలోల మనిషికి 54 గ్రాములు. ఆ 250 గ్రాముల బియ్యంలోనే 20 గ్రాముల దాకా ఉంటుంది, 85 గ్రాముల కందిపప్పులో ఇంకో 18, ఒక గుడ్డులో 6, రెండు గ్లాసుల పాలో పెరుగో చేరితే 54 దాటిపోతుంది. కండ పెంచుకోవడానికి పౌడర్లు వద్దని అదే 2024 మార్గదర్శకాల్లో ఉంది, ఎక్కువకాలం వాడితే కిడ్నీలకీ ఎముకలకీ మంచిది కాదని కూడా రాశారు.

అన్నం పూర్తిగా మానమనేవాళ్ళు ఆ 62 శాతం పట్టుకుని ఊగిపోతున్నారు గానీ ఆ సర్వేలో తర్వాత ఏముందో చెప్పట్లేదు. తెల్లబియ్యం బదులు గోధుమ రొట్టెలో, మిల్లెట్లో తిని మొత్తం కార్బోహైడ్రేట్ తగ్గించకపోతే షుగర్ ముప్పు తగ్గినట్టు కనపడలేదు. మొత్తం క్యాలరీల్లో 5 శాతం మేర కార్బోహైడ్రేట్ తీసేసి ఆ చోట్లో పప్పులు, పాలు, గుడ్లు, చేపల ప్రొటీన్ పెడితే ముప్పు తక్కువగా కనపడింది. 2000 క్యాలరీల్లో 5 శాతం అంటే వంద క్యాలరీలు, ప్రొటీన్ లెక్కలో 25 గ్రాములు. రోజుకి బియ్యం ఒక 30 గ్రాములు తగ్గించి అంత పప్పు వేసుకోవడంతోనే అది మొత్తం తీరదు, అది ఆ దారిలో మొదటి అడుగు.

మా ఇంటి సరుకుల చీటీ తీసి చూశాను. నలుగురం, బియ్యం 25 కిలోలు, కందిపప్పు 2, పెసరపప్పు అర, మినపప్పు 1. ఈ నెల అమ్మా నేనూ కూర్చుని మార్చాం: బియ్యం 21, కందిపప్పు 3, పెసలు 1, శనగలు 1, మినపప్పు 1, గుడ్లు రెండు ట్రేలు. పెద్దమ్మకి కూడా అదే చీటీ ఫోటో తీసి పంపాను.