గల్ఫ్ వెళ్లేవాళ్ల బ్యాగులో మందులు: అపోహలు, వాస్తవాలు

మాది జగిత్యాలలో మెడికల్ షాపు. సెలవు మీద ఇంటికొచ్చి మళ్లీ దుబాయ్, సౌదీ బయల్దేరేవాళ్లు నాలుగైదు నెలల మందులు ఒకేసారి అడుగుతారు. అక్కడ డాక్టర్ దగ్గరికి వెళ్తే అయ్యే ఖర్చు చూస్తే ఎవరైనా అదే చేస్తారు, తప్పేం లేదు. కానీ "ఈ మందుకు అక్కడ పర్మిషన్ కావాలి కదా, తీసుకున్నారా?" అంటే మాత్రం అందరిదీ ఒకటే మాట.

అపోహ: డాక్టర్ చీటీ ఉంది, షాపు బిల్లు ఉంది, ఇంకేం భయం?

ఆ చీటీ మన దేశంలో మందు కొనుక్కోవడానికి పనికొస్తుంది. విమానం దిగాక చెల్లేది అక్కడి చట్టం. ప్రీగాబాలిన్ సంగతే చూడండి, షుగర్ వల్ల కాళ్లు మంటలు పుట్టేవాళ్లకీ నడుము నుంచి కాలికి నొప్పి లాగేవాళ్లకీ మన దగ్గర రోజూ రాస్తారు. ఇక్కడ అది చీటీ మీద ఇచ్చే మందు, మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి రాదు. బ్రిటన్‌లో 2019 ఏప్రిల్ నుంచి క్లాస్ సి డ్రగ్, అంటే మత్తుమందుల చట్టం కింద అదుపులో ఉన్న మందు. అమెరికాలో కూడా అలాంటి అదుపు జాబితాలోనే, షెడ్యూల్ 5లో ఉంది. యూఏఈలో, సౌదీలో కంట్రోల్డ్ మందు, అంటే పర్మిషన్ లేకుండా తీసుకెళ్లకూడనిది. పైగా మన కంపెనీలు దాన్ని మిథైల్‌కోబాలమిన్ అనే బి12 విటమిన్‌తో కలిపి ఒకే గోలీగా అమ్ముతాయి కాబట్టి జనం దాన్ని "నరాల విటమిన్" అనుకుంటారు. సెంట్రింగ్ పనిచేసే ఒకాయన నాతో గట్టిగా వాదించాడు, "విటమిన్ గోలీకి పర్మిషన్ ఏంది సార్?" అని. స్ట్రిప్పు వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చూపిస్తే గానీ నమ్మలేదు. అందుకే బ్రాండ్ పేరు కాదు, లోపల ఏముందో చదవండి. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, నిద్రకీ ఆందోళనకీ ఇచ్చే ఆల్ప్రజోలం, క్లోనజెపాం, ప్రీగాబాలిన్... వీటిలో ఏ పేరు కనిపించినా ఆగండి. ట్రమడాల్‌ను మన దగ్గర కూడా 2018లో ఎన్‌డీపీఎస్ కిందికి తెచ్చారు.

మరి తీసుకెళ్లడానికి దారే లేదా అంటే ఉంది. ప్రయాణానికి ముందే చీటీ, మెడికల్ రిపోర్టు పెట్టి, యూఏఈ అయితే అక్కడి ప్రభుత్వానికి, సౌదీ అయితే సౌదీ ఫుడ్ అండ్ డ్రగ్ అథారిటీకి ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవాలి. దుబాయ్‌లో విమానం మారడానికే దిగినా అక్కడి చట్టం వర్తిస్తుంది.

అపోహ: మా ఊరివాడి మందులే కదా, తీసుకెళ్లి ఇస్తే ఏమవుతుంది?

దీని మీద నాకు నిజంగా కోపం వస్తుంది. పచ్చడి డబ్బాతో పాటు మందుల కవరు చేతిలో పెడతారు, కాదంటే ఊళ్లో చెడ్డపేరు అని ప్రయాణమయ్యేవాడు తీసుకుంటాడు. పట్టుబడితే ఆ మందు మీ రోగానికి కాదు, చీటీ మీ పేరున లేదు, ఇక మీరు చెప్పుకోవడానికి ఏముంటుంది? వేరేవాళ్ల మందు ఒక్క స్ట్రిప్పు కూడా వద్దు. అన్నట్టు గసగసాలు కూడా. మనకు మసాలా దినుసే కానీ యూఏఈలో, సౌదీలో నిషేధం.

అపోహ: అమెరికాలో రాసిన మందు ఎక్కడైనా చెల్లుతుంది.

చెల్లదు. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని, కుదురుగా ఉండలేని సమస్యకి) అక్కడ ఇచ్చే యాంఫెటమిన్ గోలీలను చీటీ ఉన్నా సరే జపాన్‌లోకి తేనివ్వరు. పిల్లలతో టోక్యోలో ఆగేవాళ్లు ముందే చూసుకోండి.

అపోహ (ఇది మందుల గురించి కాదు, మందుల షాపు చదువు గురించి): బీఫార్మసీ ఉంటే ఎక్కడైనా ఫార్మసిస్ట్ ఉద్యోగం.

మన ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మన దగ్గరే చెల్లుతుంది. గల్ఫ్‌లో సర్టిఫికెట్ల వెరిఫికేషన్, లైసెన్స్ పరీక్ష వేరు. అమెరికాలో అయితే 2003 జనవరి నుంచి పాసైనవాళ్లకు కనీసం ఐదేళ్ల కోర్సు ఉండాలి, నాలుగేళ్ల బీఫార్మసీతో అర్హత పరీక్షకు కూడా కూర్చోనివ్వరు. కన్సల్టెన్సీకి డబ్బు కట్టేముందు ఇది అడగండి.

ఇదంతా చదివి టెన్షన్ పడి బీపీ మందులు కూడా ఇంట్లో వదిలేసి వెళ్లేవాళ్లున్నారు, దయచేసి అలా చేయకండి. మామూలు బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు మీకు సరిపడా, అసలు ప్యాకింగ్‌లోనే, చీటీతో పాటు పట్టుకెళ్లండి. ఇన్సులిన్ చేతి బ్యాగులో పెట్టుకోండి. నిద్ర గోలీలో, ప్రీగాబాలినో రోజూ వాడుతున్నవాళ్లు భయపడి ఒక్కసారిగా మానేయకూడదు, మానితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. టికెట్ బుక్ చేసిన రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లి, వేరే మందుకు మార్చాలా, పర్మిషన్ తీసుకోవాలా అని అడగండి.