సర్వే రాయి పడితే పొలం పోయినట్టేనా?

పాకాల వైపు రైల్వే సర్వేకి వెళ్లిన ప్రతిసారీ ఇదే తంతు. ట్రైపాడ్ నిలబెట్టి గంట కాకముందే ఊరంతా గట్టు మీదికి చేరుతుంది. తిరుపతి-పాకాల-కాట్పాడి రైలు మార్గం డబ్లింగ్‌కి (104 కిలోమీటర్లు, 1,332 కోట్లు) 2025 ఏప్రిల్‌లో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్నాక ఆ టెన్షన్ ఇంకా పెరిగింది.

అపోహ: రాయి పడితే భూమి పోయినట్టే, ముందే అమ్ముకుంటే మేలు.

ఒట్టి మాట! డబ్లింగ్ అంటే ఉన్న ట్రాకు పక్కనే ఇంకొకటి వేయడం. కుడివైపా, ఎడమవైపా అని రెండు పక్కలా కొలుస్తాం, చివరికి ఒక పక్కే ఖాయమవుతుంది. రైల్వే హద్దులో చోటున్నంతవరకు బయటి భూమి అక్కర్లేదు. వంపులు, యార్డులు, వంతెనల దగ్గర కావలసి రావచ్చు. అప్పుడైనా రైల్వే చట్టం సెక్షన్ 20ఎ కింద నోటిఫికేషన్ రావాలి. దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో వేస్తారు, ఒకటి మన భాషలోనే ఉండాలి. మీ సర్వే నంబరు అందులో ఉంటే 30 రోజుల్లో అభ్యంతరం రాసివ్వొచ్చు. 2015 నుంచి పరిహారం లెక్క 2013 భూసేకరణ చట్టం ప్రకారమే: భూమి, చెట్లు, బావి అన్నీ కలిపి తేలిన మొత్తానికి అంతే సొలేషియం (ఇష్టం లేకున్నా భూమి ఇవ్వాల్సి వచ్చినందుకు ఇచ్చే సొమ్ము) అదనం. బ్రోకరు "లోపలి సమాచారం" అంటే ఆ నోటిఫికేషన్ కాపీ చూపించమనండి.

ఒక పెద్దాయన మామిడితోట సగం ధరకి అమ్మేసుకుని, తర్వాత నన్ను పిలుచుకుపోయి రాయి చూపించాడు. మేం పాతింది కాదది. 1890ల తొలినాళ్లలో సౌత్ ఇండియన్ రైల్వే మీటర్ గేజ్ వేసినప్పటి హద్దు రాయి! కంప కొట్టిస్తే బయటపడిందట. "మీ తాతల కాలం నుంచీ ఇక్కడే ఉంది నాయనా" అంటే ఆయన గట్టు మీద కూలబడిపోయాడు. నాకూ ఆ పూట అన్నం సయించలేదు.

అపోహ: మీటర్ గేజ్ ఎప్పుడో తీసేశారుగా, మళ్లీ డబ్లింగ్ ఎందుకు?

గేజ్ అంటే పట్టాల మధ్య వెడల్పు. అది 1000 మిల్లీమీటర్ల నుంచి 1676 అయింది, లైను మాత్రం ఒక్కటే. ఎదురు బండి దాటేదాకా లూప్‌లో (స్టేషన్లో పక్క పట్టాల మీద) నిలబడటం ఎలా ఉంటుందో వేలూరు ఆస్పత్రికి తిరిగేవాళ్లని అడగండి, చెప్తారు.

అపోహ: రేణిగుంటలో దిగితే తిరుపతికి రానట్టే.

పది కిలోమీటర్లు. చెన్నై-ముంబై మెయిన్ లైన్ అటే పోతుంది, చాలా బండ్లు తిరుపతికి రానే రావు. అక్కడ దిగి బస్సెక్కండి.