శివరాత్రికి కొండెక్కబోయే మనవలకు

పిల్లలూ,

శివరాత్రికి మీరు నలుగురూ ఒడిశాలోని మహేంద్రగిరి ఎక్కుతున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. 1,501 మీటర్ల కొండ, పైన భీముడి గుడి, కుంతి గుడి. తప్పకుండా చూడండి. కానీ "అక్కడ పులి ఉంటుందా మామ్మా?" అని చంటిది అడిగిందట. దానికి ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు.

ఉంటుందమ్మా. మన వైపు పులి అంటే చాలావరకు చిరుతే. పెద్దపులి రావడం అరుదు. 2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు తిరిగిన పెద్దపులి నడుచుకుంటూ మన విజయనగరం జిల్లా దాకా వచ్చింది.

నాకు పదేళ్లప్పుడు మా అప్పతో గెడ్డ, అంటే వాగు, దాటి కట్టెలకు వెళ్లాను. తిరిగొస్తుంటే బండ మీద చిరుత. నా కాళ్లు అప్పుడే పరుగుకి సిద్ధమైపోయాయి. అప్ప నా జబ్బ గట్టిగా పట్టుకుని "పరిగెట్టకే" అంది. తల మీద మోపు అలాగే ఉంచి, దాని మీంచి చూపు తిప్పకుండా, పెద్దగా కేకలేస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేయించింది. అది కాసేపు మమ్మల్ని చూసి పొదల్లోకి పోయింది. అప్ప చెయ్యి పట్టిన చోట నొప్పి రెండు రోజులుంది.

పరుగెందుకు వద్దో మన పెరట్లో పిల్లిని చూస్తే తెలుస్తుంది. ఉడత కదలకుండా ఉన్నంతసేపూ అదీ పొంచి చూస్తుంది, ఉడత ఉరికిందా, దూకుతుంది. చిరుతా పిల్లి జాతే. వెనక నుంచి వచ్చి మెడ పట్టడం దాని పద్ధతి. అందుకే 1980లలో సుందర్‌బన్స్ అడవుల్లోకి తేనెకీ కట్టెలకీ వెళ్లేవాళ్లు తల వెనక మనిషి ముఖం మాస్కు కట్టుకున్నారు. తనని చూస్తున్న మనిషి మీదకి రావడానికి అక్కడి పెద్దపులి వెనకాడుతుందని.

2020 అక్టోబరులో అమెరికాలోని యూటా రాష్ట్రంలో కొండదారిలో పరిగెడుతున్న ఒకాయనకి ముందు కూనలు కనిపించాయి, వెనకే తల్లి కూగర్ వచ్చింది. అది అక్కడి అడవి పిల్లి, చిరుతంత ఉంటుంది. ఆరు నిమిషాలు మీదకి ఉరుకుతూ వెంటపడింది. ఆయన వీపు చూపించలేదు, అరుస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు. చివరికి రాయి విసిరితే వెళ్లిపోయింది. దానికి కావలసింది తన పిల్లల దగ్గర్నుంచి ఆయన దూరంగా పోవడమే. మీకు ఎక్కడైనా కూనలు కనిపిస్తే ముద్దొస్తున్నాయని ఆగకండి, ఫోటో కోసం అసలే ఆగకండి, వచ్చిన దారినే వెనక్కి రండి.

2023 జూన్‌లో తిరుమల నడకదారిలో ఒక బాబుని చిరుత నోట కరుచుకుపోతే, పెద్దలూ దుకాణాల వాళ్లూ పోలీసులూ అరుస్తూ వెంటపడ్డారు. అది వదిలేసింది, బాబు బతికాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప మాత్రం దక్కలేదు. ఆ వార్త చదివి నేను రాత్రంతా నిద్రపోలేదు. ఆ తరవాత దేవస్థానం వాళ్లు మధ్యాహ్నం 2 దాటాక పదిహేనేళ్లలోపు పిల్లల్ని ఆ దారిలోకి పంపలేదు, నడిచేవాళ్ల చేతికి కర్రలిచ్చారు. అందుకే చంటిది మీ మధ్యలోనే నడవాలి, ముందుకి ఉరకనివ్వకండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. చీకటి పడేలోగా కిందికి వచ్చెయ్యాలి. వంగినా కూర్చున్నా మనిషి చిన్న జంతువులా కనిపిస్తాడు, కాబట్టి చిరుత ఎదురైతే చంటిదాన్ని ఎత్తుకోండి, చేతులు పైకెత్తి పెద్దగా కనపడండి. మీద పడితే మాత్రం మెడ కాచుకుంటూ కర్రతో, బ్యాగుతో, చేతికి ఏది దొరికితే దాంతో తిరగబడండి.

ఇంకోటి. ఉద్దానం జీడితోటల వైపు నాకు పులి కంటే ఎలుగుబంటి భయమే ఎక్కువ. దాని ముందూ పరుగు పనికిరాదు. చెట్టెక్కుదామనుకోకండి, చిరుతా ఎక్కుతుంది, ఎలుగూ ఎక్కుతుంది. ఏ జంతువు గీరినా సబ్బుతో, పారే నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి కుక్కకాటు టీకా వేయించుకోవాలి.

ముందురోజు సాయంత్రానికే ఇక్కడికి వచ్చి పడుకోండి. వెదురు కర్రలు నాలుగు కొట్టించి ఉంచుతాను, చంటిదానికి పొట్టిది.

మీ మామ్మ