పిల్లి నాలుకకు తెలిసిన లెక్క

“మా పిల్లి నీళ్లు తాగితే మీసం కూడా తడవదు, మా కుక్క తాగితే వరండా అంతా తుడుచుకోవాల్సి వస్తుంది, రెండింటికీ గిన్నె ఒక్కటే కదా, ఈ తేడా ఎందుకు?” అని హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. పిల్లి ఎదురొచ్చిందని బండి ఆపి, వెనుకవాళ్లు ముందు దాటిపోయేదాకా చౌరస్తాలో కాలు కింద పెట్టి నిలబడే చదువరులు ఇంకా ఉన్న ఊళ్లో, పిల్లి ముందు కూర్చుని ఇంత శ్రద్ధగా చూసినవారు ఉండటం సంతోషకరం.

పిల్లికీ కుక్కకీ మనలా బుగ్గలు బిగించి పీల్చడం చేతకాదు కాబట్టి భారమంతా నాలుకదే. కుక్క నాలుకను వెనక్కి వంచి నీటిలోకి గట్టిగా ముంచుతుంది, నీళ్లు చిందుతాయి. పిల్లి అలా ముంచదు. నాలుక కొనను వెనక్కి మడిచి, దాని పైభాగాన్ని నీటికి అలా తాకించి, వెంటనే పైకి లాగుతుంది. కొనకు అంటుకున్న నీరు సన్నని స్తంభంలా వెంట లేస్తుంది. జడత్వం, అంటే కదులుతున్నది అలాగే కదులుతూ పోవాలనే గుణం, దాన్ని పైకి నడిపిస్తుంటే గురుత్వాకర్షణ కిందికి గుంజుతుంది, మధ్యలో స్తంభం సన్నబడి తెగబోతుంది, సరిగ్గా ఆ క్షణాన దవడ మూసుకుంటుంది. తొందరపడితే దక్కేది తక్కువ, ఆలస్యమైతే ఉన్నదీ గిన్నెలోకే జారిపోతుంది. బకెట్టు నీటికి అరచేతిని ఆనించి చటుక్కున ఎత్తితే ఈ స్తంభం మీకూ కనిపిస్తుంది. జడత్వం పాఠానికి ఏళ్ల తరబడి బస్సు బ్రేకు ఉదాహరణనే చెప్పే మన బడుల్లో ఒక్కసారైనా ఈ బకెట్టు పెడితే బాగుండును.

ఒక్కో దఫాకు నోట్లో పడేది సుమారు 0.14 మిల్లీలీటర్లు, సెకనుకు మూడున్నర దఫాల చొప్పున. అంటే 5 మిల్లీలీటర్ల చెంచాడు నీటికి పది సెకన్లు పడుతుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందని మనం శతాబ్దాలుగా వేస్తున్న నింద కూడా ఇక్కడ కొంత సడలించాలి: ముక్కు ముందరి వస్తువు దాని కంటికి ఎటూ స్పష్టంగా ఆనదు, కనుక ఆ పనిలో కళ్లు తెరిచి సాధించేది పెద్దగా లేదు.

ఈ సంగతిని తేల్చినవారు అప్పట్లో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో ఉన్న రోమన్ స్టాకర్, మరో ముగ్గురు పరిశోధకులు. ‘కట్టా కట్టా’ అనే పేరుగల తన పెంపుడు పిల్లి తాగే తీరు చూసి స్టాకర్ ఆశ్చర్యపోవడమే దీనికి మొదలు. ఆజ్ఞాపిస్తే తాగే జంతువు కాదు గనుక దానికి దాహం వేసేదాకా కెమెరా పట్టుకుని కాచుకున్నారు. నాలుకకు బదులు గాజు బిళ్లను నీటి మీద నుంచి లేపే యంత్రమూ తయారు చేసుకున్నారు. ఫలితాలు 2010లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది వారి చివరి లెక్క. జడత్వానికీ గురుత్వానికీ ఉన్న నిష్పత్తిని ఫ్రౌడ్ సంఖ్య చెబుతుంది; అది పిల్లి జాతి అంతటికీ ఒకేలా ఉండాలనుకుని, నాలుక వెడల్పు, లేపే ఎత్తు శరీర బరువు ఘనమూలాన్ని బట్టి పెరుగుతాయనుకుంటే, తాగే వేగం, అంటే సెకనుకు ఎన్ని దఫాలు అనేది, బరువు ఆరవ మూలానికి విలోమంగా తగ్గుతుంది. మన ఇంటి పిల్లి 4 కిలోలు, కవ్వాల్ అడవిలో తిరిగే పెద్దపులి దానికి 64 రెట్లు, అంటే 256 కిలోలు అనుకోండి. 64కు ఆరవ మూలం 2, అంటే ఆరు రెండ్లను గుణిస్తే 64 వస్తుంది. కాబట్టి పెద్దపులి మన పిల్లి వేగంలో సరిగ్గా సగంతోనే నీళ్లు తాగాలి. జూలోని పెద్ద జంతువులను, యూట్యూబు వీడియోలను ముందు పెట్టుకుని పరిశోధకులు లెక్కపెడితే, లెక్క చాలావరకు సరిపోయింది.