మీ హెల్త్ సర్‌ఛార్జ్ దేనికి కట్టినట్టు?

ఇంగ్లండ్‌లో జీపీగా, అంటే ఏ జబ్బుకైనా ముందు చూపించుకునే ఫ్యామిలీ డాక్టర్‌గా పనిచేస్తున్నాను. చదువుకోవడానికి వచ్చిన మన తెలుగు పిల్లలు నా దగ్గరికి వస్తే, జబ్బు సంగతి చెప్పకముందే చాలామంది అడిగేది ఒకటే: "మేడమ్, ఇక్కడ చూపించుకుంటే వీసాకి ఏమైనా అవుతుందా?" ఏమీ కాదు. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఏటా సెప్టెంబర్‌లో కొత్త బ్యాచ్ దిగగానే పుకారూ దిగుతుంది.

అపోహ: ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఇక్కడి పౌరులకే. మనం వాడుకుంటే రికార్డుల్లోకెక్కి వీసా పొడిగింపు దగ్గర దెబ్బ పడుతుంది.

వాస్తవం: వీసా అప్లికేషన్‌తో పాటే ఎన్‌హెచ్ఎస్ కోసం హెల్త్ సర్‌ఛార్జ్ వసూలు చేశారు కదా. 2024 ఫిబ్రవరి నుంచి స్టూడెంట్లకు అది ఏడాదికి 776 పౌండ్లు. అంత కట్టి, వాడుకోవడానికి భయపడటమేంటి? జీపీ దగ్గర పేరు నమోదుకు పైసా ఖర్చు లేదు. అడ్రస్ ప్రూఫ్ లేదనో, వీసా చూపలేదనో వెనక్కి పంపకూడదన్నది రూలు.

పుకారుకి మూలం ఎక్కడో చెప్తాను. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు ఆస్పత్రి వైద్యానికి బిల్లు వేస్తారు, అదీ ఎన్‌హెచ్ఎస్ రేటుకి ఒకటిన్నర రెట్లు. 500 పౌండ్లు, ఆపైన బాకీ రెండు నెలలు దాటితే వీసాలు చూసే హోమ్ ఆఫీస్‌కి కబురు వెళ్తుంది. ఎవరి అమ్మానాన్నల విషయంలోనో జరిగింది, వాట్సాప్‌లో తిరిగి తిరిగి మీ మెడకు చుట్టుకుంది. అమ్మానాన్నల్ని పిలిపించుకునేటప్పుడు మాత్రం ట్రావెల్ ఇన్సూరెన్స్ తీయకుండా విమానం ఎక్కించకండి. ఎమర్జెన్సీలో చూడటం వాళ్లకీ ఉచితమే. వార్డులో చేర్చుకున్నాక మీటరు మొదలవుతుంది.

ఈ భయం ఎంత పని చేస్తుందో ఒక కుర్రాడి దగ్గర చూశాను (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను). మూడు నెలలుగా దగ్గు. వాళ్లమ్మ, హైదరాబాద్ నుంచి ఎవరొస్తే వాళ్ల చేత అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ పంపించింది. నా బల్ల మీద ఆ కవరు గుమ్మరిస్తే పదకొండు ఖాళీ స్ట్రిప్పులు, రెండు దగ్గు మందు సీసాలు. బెల్టు రెండు కన్నాలు లోపలికి వెళ్లింది. "వీసాకి టీబీ టెస్టు పాసయ్యే వచ్చాను కదా మేడమ్" అంటాడు. ఆ ఎక్స్‌రే తీసిన రోజుకి లేదు, అంతే. తర్వాత బయటపడొచ్చు. బయటపడింది.

వాళ్లమ్మ ఫోన్లో ఏడుస్తూ, "అమ్మా, మావాణ్ణి పంపించేస్తారా?" అని అడిగింది. టీబీ కేసుని ప్రజారోగ్య శాఖకు తెలపాలి, నిజమే. అది చుట్టుపక్కల వాళ్లకి అంటిందేమో చూడటానికి, దేశం నుంచి పంపడానికి కాదు. ఇక్కడ టీబీ వైద్యం విజిటర్లతో సహా ఎవరికైనా ఉచితం. తెమడ పరీక్ష, ఆరు నెలల మందులు, ఫోన్ చేసి గుర్తుచేసే నర్సు, ఆ ఇంట్లో ఉంటున్న మిగతా ఐదుగురికీ టెస్టులు, అన్నీ వాటంతటవే కదిలాయి. ఏ ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి కోసమూ ఆగలేదు. జబ్బు పాకితే రేపు ఆ ఐదుగురి ఖర్చూ మోయాల్సింది ప్రభుత్వమే కాబట్టి, ఇవాళే పట్టుకోవడం దానికి లాభం. అందరి వైద్యానికీ డబ్బు కట్టేవాడు ఒక్కడే, అంటే ప్రభుత్వమే, ఉండాలని నేను వాదించేది ఇందుకే. నేనేమీ పార్టీ మనిషిని కాను.

మా నాన్నకు గుండెపోటు వచ్చిన రాత్రి, మా ఊరి దగ్గరి టౌన్‌లో ఒక ఆస్పత్రి కౌంటర్‌లో అడ్వాన్సు కట్టడానికి అన్నయ్య మూడు ఏటీఎంలు తిరిగాడు. ఇక్కడికొచ్చిన కొత్తలో "పేషెంట్లు బిల్లు ఎక్కడ కడతారు?" అని రిసెప్షనిస్ట్‌ని అడిగితే, నేను జోకేస్తున్నాననుకుంది. ఎన్‌హెచ్ఎస్ మొదలైన 1948 జులై 5 నుంచి ఇక్కడ చూపించుకున్నచోట బిల్లు కట్టక్కర్లేని పద్ధతి.

అపోహ: ప్రభుత్వం కడితే డాక్టర్లంతా ప్రభుత్వోద్యోగులే. కాదు. ఇక్కడ చాలా జీపీ క్లినిక్కులు డాక్టర్లు సొంతంగా నడుపుకుంటూ ఎన్‌హెచ్ఎస్‌తో ఒప్పందం మీద పనిచేసేవే.

అపోహ: మందులు కూడా పూర్తిగా ఫ్రీ. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లో అవును. ఇంగ్లండ్‌లో 2024 మే నుంచి ఒక్కో మందుకి 9.90 పౌండ్లు. థైరాయిడ్‌కి థైరాక్సిన్ వాడేవాళ్లు, షుగర్‌కి మందులు వాడేవాళ్లు, గర్భిణులు ఆ డబ్బు కట్టక్కర్లేకుండా చేసే ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ అడగండి. అడక్క కడుతున్నవాళ్లు బోలెడుమంది.

అపోహ: వెయిటింగ్‌లోనే ప్రాణం పోతుంది. వెయిటింగ్ లిస్ట్ 70 లక్షలు దాటిన మాట నిజం, దాన్ని వెనకేసుకురాను. జీపీ ఆస్పత్రికి పంపాక 18 వారాల్లో వైద్యం మొదలవ్వాలన్న గడువు ఏళ్ల తరబడి తప్పుతోంది. డబ్బూ సిబ్బందీ చాలక వచ్చిన తిప్పలివి. క్యాన్సర్ అనుమానం ఉంటే మాత్రం ఆ క్యూలో నిలబెట్టం, వేరే దారిలో త్వరగా పంపుతాం.

చివరిది, "ఏ జబ్బుకైనా పారాసెటమాలే రాస్తారు." వైరల్ జ్వరానికి అదే రాయాలి నాయనా. ఊళ్లో ప్రాక్టీసు చేసిన రోజుల్లో నేనూ సెలైన్ పెట్టాను. పెట్టకపోతే పక్క సందులోని డాక్టర్ దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు.