హార్ట్‌ను తెరకు దూరం చేసింది ప్రేక్షకులా, పంపిణీదారులా?

‘టంబుల్‌వీడ్స్’ అనే హాలీవుడ్ చిత్రం విడుదలై 2025 డిసెంబరుతో నూరేళ్లు నిండాయి. మూకీ చిత్రాల కాలపు కౌబాయ్ కథానాయకుడు విలియం ఎస్. హార్ట్ ఆ తరువాత మరే చిత్రంలోనూ కథానాయకుడిగా ఎందుకు కనిపించలేదన్న పాత వాదనకూ అంతే వయసు. ఆయన 1914లో నాటకరంగం నుంచి సినిమాల్లోకి రావడం, నిర్మాత థామస్ ఇన్స్ సంస్థలో పేరు తెచ్చుకోవడం చాలామందికి తెలిసినవే. అసలు మలుపు 1919లో ఉంది.

ఆ జనవరిలో చాప్లిన్, మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, దర్శకుడు గ్రిఫిత్ తమ చిత్రాలను తామే పంపిణీ చేసుకోవాలని జట్టుకట్టినప్పుడు హార్ట్ కూడా వారితో ఉన్నారు. పారామౌంట్ అధినేత అడాల్ఫ్ జూకర్ భారీ పారితోషికం ఇవ్వజూపడంతో ఆయన వెనక్కి తగ్గారు. ఫిబ్రవరిలో యునైటెడ్ ఆర్టిస్ట్స్ మిగిలిన నలుగురితోనే ఏర్పడింది. కొన్నేళ్లకే కథల ఎంపికపై పెత్తనం ఎవరిదన్న తగాదాతో పారామౌంట్‌కూ దూరమైన హార్ట్, 1925లో సొంత డబ్బు కూడా పెట్టి తీసిన ‘టంబుల్‌వీడ్స్’ను అదే యునైటెడ్ ఆర్టిస్ట్స్ చేతిలో పెట్టాల్సి వచ్చింది. భాగస్వామిగా ఉండి ఉంటే తన సినిమా ఎలా అమ్ముడుపోవాలో తానే నిర్ణయించేవారు. ఇప్పుడు ఆయన ఆ సంస్థకు ఒక నిర్మాత మాత్రమే.

1893లో అమెరికాలోని ఓక్లహోమా ప్రాంతంలో, ముందు చేరుకున్నవారికే దక్కే చెరొకీ స్ట్రిప్ భూముల కోసం జనం ఎగబడిన ఘట్టమే ఆ చిత్రానికి ప్రాణం. మధ్యాహ్నం ఫిరంగి పేలగానే బారులు తీరిన బండ్లు ఒక్కసారిగా కదులుతాయి; 60 దాటిన హార్ట్ గుర్రం మీద వాటిని దాటుకుంటూ దూసుకుపోతారు. ఇలాంటి చిత్రాన్ని ఒప్పందం ప్రకారం సరిగా ప్రచారం చేయలేదని, శ్రద్ధగా అమ్మలేదని ఆయన కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యంలో 1940లో తీర్పు ఆయన పక్షానే వచ్చింది.

మరో కౌబాయ్ కథానాయకుడు టామ్ మిక్స్ మెరుపు దుస్తులకు, విన్యాసాలకు అలవాటుపడిన ప్రేక్షకులకు హార్ట్ గంభీరమైన నిదానం పాతబడిందనేవారూ ఉన్నారు. అందులో కొంత నిజముంది. అయితే ఆ వాదన తీర్పును దాటవేస్తుంది. పైగా టాకీలు స్థిరపడ్డాక, 1939లో, ఈ మూకీ చిత్రాన్నే హార్ట్ మాటలతో కూడిన ముందుమాట చేర్చి మళ్లీ విడుదల చేశారు. ప్రేక్షకులు నిజంగా ఆయనను వద్దనుకుని ఉంటే, 14 ఏళ్ల తరువాత ఆ ఖర్చుకు ఎవరూ సిద్ధపడేవారు కాదు.