పాదాల మీద తగ్గని దద్దు: మరో ట్యూబు కొనే ముందు

పాదాల దద్దుతో నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది చేతిలో ఒక సంచీ ఉంటుంది. అందులో సగం పిండి వదిలేసిన ట్యూబులు నాలుగైదు. నేను పాదాలకన్నా ముందు వాటినే చూస్తాను. దద్దు ఎందుకు తగ్గలేదో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: పాదాలు దురద పెడితే అది ఫంగస్సే.

చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య సందు తెల్లగా పాచిపోయి చీలుతుంటే ముందు ఫంగస్‌నే అనుమానించాలి, నిజమే. కానీ ఎగ్జిమా, సోరియాసిస్ అనే చర్మవ్యాధులు, చెప్పుల అలర్జీ కూడా దాదాపు అదే వేషంలో వస్తాయి. వేళ్ల సందులు బాగానే ఉండి, పాదం పైభాగాన చెప్పు పట్టీ తగిలే మేర ఎర్రబడితే అది అలర్జీ కావచ్చు. రెండు అరికాళ్లలోనూ అంచు స్పష్టంగా కనిపించే మందపాటి పొలుసులుంటే నేను మోచేతులు, తల, గోళ్లు కూడా చూస్తాను. సోరియాసిస్ అక్కడా ఆనవాలు వదులుతుంది. రెండు పాదాలతోపాటు ఒకే ఒక్క అరచేయి పొడిబారి పొట్టు రాలుతుంటే మళ్లీ ఫంగస్ వైపే మొగ్గుతాను. ఎందుకో ఆ జబ్బుకు ఒక చేయి చాలు!

ఇవన్నీ అనుమానాలే. తేల్చేది పరీక్ష. అంచు నుంచి కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే, చర్మ కణాలు కరిగి ఫంగస్ పోగులు బయటపడతాయి. “చూడగానే చెప్పలేరా డాక్టరుగారూ?” అంటారు. చాలాసార్లు చెప్పలేను. అప్పటికే ఫంగస్ క్రీము రాస్తూ వచ్చి ఉంటే పరీక్షలోనూ అది దొరక్కపోవచ్చు. అందుకే ఏం రాశారో దాచకుండా చెప్పండి.

అపోహ: రెండు రోజుల్లో దురద తగ్గించిందంటే అదే సరైన మందు.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. క్లోబెటసాల్, బెటామెథసోన్ లాంటి స్టెరాయిడ్‌తో ఫంగస్ మందును కలిపిన క్రీములున్నాయి. స్టెరాయిడ్ ఎరుపును, దురదను అణుస్తుంది. వాటితోపాటే ఫంగస్‌తో పోరాడే చర్మం చేతులూ కట్టేస్తుంది. పైకి తగ్గినట్టే ఉంటుంది, అడుగున జబ్బు పాకుతుంటుంది. రాయడం ఆపగానే భగ్గుమంటుంది, భయపడి మళ్లీ రాస్తారు. కొన్ని నెలలు ఇలా గడిచాక దానికి పొలుసులూ ఉండవు, గుండ్రటి అంచూ ఉండదు. ఈ ఫంగస్ జబ్బును, అంటే తామరను, తామరగా గుర్తుపట్టడం మాకే కష్టమవుతుంది. చర్మం పలచబడటం అదనం.

అలాగని స్టెరాయిడ్ పేరు వింటేనే బెదిరిపోవడమూ సరికాదు. ఎగ్జిమాకు సరైన మోతాదులో, సరైన గడువు మేరకు అదే మంచి మందు. జబ్బు పేరు తేలకుండా రాయడమే తప్పు.

అపోహ: దురద పోయింది కాబట్టి మందు ఆపేయవచ్చు.

దురద ముందు పోతుంది, ఫంగస్ తర్వాత పోతుంది. మందును బట్టి, చోటును బట్టి క్రీమును 1 నుంచి 4 వారాలు రాయాల్సి ఉంటుంది. మచ్చ మీదే కాక, చుట్టూ కొంత మేర కూడా పూయాలి. గోరు పసుపుపచ్చగా మందమై ఉంటే అక్కడ దాక్కున్న ఫంగస్ పాదానికి తిరిగి వస్తూనే ఉంటుంది. కాలి బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, ఓపిక కావాలి. ఇంకో చిన్న మాట: ముందు సాక్సులు తొడుక్కుని ఆ తర్వాత లోదుస్తులు వేసుకోండి. పాదాల తామర గజ్జల్లోకి చేరే దారుల్లో అదొకటి.

అపోహ: ఏళ్లుగా వాడుతున్న చెప్పులకు ఇప్పుడు అలర్జీ ఏమిటి?

అలర్జీ అలాగే వస్తుంది. తగిలి తగిలి ఒకనాటికి శరీరం ఎదురు తిరుగుతుంది. రబ్బరు తయారీ రసాయనాలు, తోలు పదును చేసే క్రోమియం, అతికించే జిగురు ముఖ్యమైన అనుమానితులు. చెప్పుల రకం మార్చినా లోపల అదే జిగురు ఉంటే ఫలితం ఉండదు. వీపు మీద ఇలాంటి రసాయనాలున్న పట్టీలు అంటించి 48 గంటల తర్వాత తీసి చూసి, మరో ఒకటి రెండు రోజులకు మళ్లీ చూసే ప్యాచ్ పరీక్షతో ఏ రసాయనమో తెలుస్తుంది. అన్నట్టు, పుండ్లకు రాసే నియోమైసిన్ మందు కూడా కొందరికి పడదు.

అపోహ: సరిగ్గా కడగకపోవడం వల్లే ఇదంతా.

రోజుకు నాలుగుసార్లు క్రిమిసంహారక ద్రావణంతో రుద్ది కడిగి ఎగ్జిమాను పెంచుకున్నవారిని చూశాను. కడగడం కంటే వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోవడం ముఖ్యం. చెమటతో తడిసిన బూట్లు మర్నాడే తొడగకుండా ఒక రోజు ఆరనివ్వండి.

ఎరుపు పాదం నుంచి పైకి పాకుతూ, వేడిగా, నొప్పిగా ఉండి జ్వరం కూడా వస్తే క్రీములతో కాలయాపన చేయకండి. వేళ్ల సందులోని చీలిక గుండా బాక్టీరియా లోపలికి వెళ్లి ఉండవచ్చు. మధుమేహం ఉన్నవారు జ్వరం కోసం కూడా ఎదురుచూడకూడదు. ఆ జబ్బు వల్ల స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడినా నొప్పి తెలియదు.